ఎడారిని ఊడ్చిన మా వదిన

మా వదినకి కోపం రాదని చుట్టాలంతా అంటారు. ఉత్త మాట. వస్తుంది. వచ్చినప్పుడు చీపురు అందుకుంటుంది, అంతే తేడా. గదీ గదీ ఊడ్చి, మూలల్లో బూజు దులిపి, గుమ్మం బయటిదాకా వెళ్ళి వచ్చేసరికి కోపం దిగిపోతుంది. మా అన్నయ్య నోటికి అదుపు లేని మనిషి కాబట్టి వాళ్ళ ఇల్లు ఎప్పుడు చూసినా తళతళలాడుతూ ఉండేది. నేను వెళ్ళగానే గచ్చు చూసి, ఆ రోజు ఏ మేరకు గొడవైందో చెప్పేసేదాన్ని. "నువ్వు దర్జీవి కాదే, పోలీసువి కావలసింది" అనేది వదిన.

అవును, నేను దర్జీని. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఇది చెబుతూ చెబుతూ దారిలో చాలామందిని తిడతాను. మా వదినని మాత్రం తిట్టను. తిడదామని చాలాసార్లు చూశాను, సందు దొరకలేదు.

పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ సినిమా హాల్లో పనికి చేరింది. ఊడ్చే పని. ఆట అయిపోవడానికి కాస్త ముందు పక్క తలుపు దగ్గరికి వచ్చి, చీపురు పట్టుకుని చీకట్లో నిలబడాలి. జనం లేచీ లేవగానే లోపలికి దూరాలి. తర్వాతి ఆటకి జనం వచ్చేలోగా వరసలన్నీ ఊడ్చి బయటపడాలి. ఆ తర్వాత ఎత్తిన చెత్త పారబొయ్యడం, మెట్లు కడగడం, మరుగుదొడ్లు కడగడం. అవన్నీ అయి మళ్ళీ ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి తెర మీద మళ్ళీ చివరి సీనే. తలా తోకా లేని సినిమాలంటారు చూడండి, మా వదిన జీవితంలో చూసినవన్నీ తోకలే.

సెలవు రోజున చూడొచ్చుగా అంటారు. సెలవు రోజున ఇంట్లో పని ఎవరు చేస్తారు, మీరొచ్చి చేస్తారా? టీవీలో చూడొచ్చుగా అంటారు. టీవీ రిమోటు మా అన్నయ్య అరచేతిలో పుట్టుమచ్చలాగా ఉండిపోయింది. హాలు మేనేజరే ఒకసారి జాలిపడి, వచ్చి కూర్చుని చూడమ్మా అన్నాడట. "నేను ఊడ్చే వరసలో నేనే కూర్చుంటే కాళ్ళ కింద చెత్తే కనబడుతుంది గానీ సినిమా కనబడదండీ" అందట ఈవిడ.

అందుకని మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను చూసొచ్చిన సినిమాకి మొదలు చెప్పేదాన్ని, తను చివర చెప్పేది. మధ్యలో జరిగింది ఇద్దరికీ తెలిసేది కాదు, ఎందుకంటే మధ్యలో నాకు నిద్ర పట్టేది. అయినా చివరి సీను గురించి మా వదిన చెబుతుంటే వినాలి. ఆవిడ తెర ఒక్కటే కాదు, జనం మొహాలు కూడా చూసేది. ఎక్కడ ముక్కు చీదారో, ఎక్కడ చెప్పుల కోసం తడుముకున్నారో అన్నీ చెప్పేది. చెప్పడం అయిపోయాక ప్రతిసారీ ఒకే మాట అనేది. "ఒక్క సినిమా అయినా మొదట్లో పేర్లు పడతాయటగా, అక్కణ్ణుంచి చివరిదాకా కుర్చీలో కూర్చుని చూడాలి, అమ్మాయ్." ఆవిడ నన్ను ఇంకేమీ కోరలేదు. మా అన్నయ్యనైతే అది కూడా కోరలేదు.

ఆ హాలు మూసేశారు. ఇప్పుడు అందులో మంచాలూ సోఫాలూ అమ్ముతున్నారు. మా వదిన ఇంట్లో కూర్చుంది. ఇల్లు ఇంకా తళతళలాడింది, అంటే మీకు అర్థమైందిగా.

అప్పుడు దిగాడు సగంబాబు. ఆ పేరు నేను పెట్టింది కాదు, సినిమావాళ్ళే పెట్టారు. రెండు సినిమాలు మొదలుపెట్టి రెండూ సగంలో వదిలేసిన దర్శకుడు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుకి ఒక పక్క దారం చుట్టుకుని నా కొట్టుకొచ్చి, పాత కర్టెన్లు ఒక మూట దింపాడు. వీటితో ఎడారి బట్టలు కుట్టాలన్నాడు. పిల్లల సినిమా అట. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేదట. చనిపోయిన తాత వదిలిన పాత పటం ఒకటి దొరికి, నలుగురు పిల్లలు ఎడారిలో నిధి కోసం బయలుదేరతారు. దారిలో పోట్లాడుకుంటారు, ఇసుక తుఫానులో చిక్కుకుంటారు, చివరికి ఇసుకలో పాతిన పెట్టె దొరుకుతుంది.

"ఎడారి ఎక్కడుంది బాబూ మనకి?" అన్నాను.

"ఊరి బయట ఇసుక యార్డు ఉందిగా అక్కా. కెమెరా కాస్త కిందికి పెడితే ఎడారే."

పిండి కొద్దీ రొట్టె అన్నారు. పిండి లేనివాడు సగంబాబు. యార్డు యజమానితో ఒప్పందం చేసుకున్నాడు. వెనకవైపు గుట్టలు షూటింగుకి వాడుకోనిస్తే ఆయన పేరు తెర మీద పెద్దక్షరాలతో వేస్తానన్నాడు. యజమాని సరేనని, ఆ గుట్టల నుంచి లారీలకి ఇసుక ఎత్తుకోవడం మాత్రం మానలేదు. ఇసుక తక్కెడా పేడ తక్కెడా ఎక్కడో కాదు, అక్కడే చూశాను. మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చేసరికి పొక్లెయిన్ వచ్చి మా ఎడారిలో ఒక ముక్క కొరుక్కుని పోయేది. ఎక్కడో ఎవరి మేడకో మెట్లు కట్టడానికి పోయేది ఆ ఎడారి.

మొదటిరోజే చిక్కొచ్చింది. మనిషి అడుగు పెట్టని ఎడారి అని డైలాగు. కెమెరాలో చూస్తే లారీ టైర్ల గుర్తులు, కుక్క అడుగులు, లైట్లవాడి చెప్పుల గుర్తులు. పోనీ ఒకసారి చదును చేద్దామంటే పిల్లలు నడిచిన ప్రతి టేకుకీ మళ్ళీ అడుగులే. పారతో చదును చేశారు. ఎడారి కాస్తా గోడకి సిమెంటు పూసినట్టు తయారైంది. సగంబాబు ఆ మధ్యలో నిలబడి ఏడుపు మొహం పెట్టాడు. నాకు అలాంటి మొహాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. "ఊడ్చేవాళ్ళు కావాలయ్యా నీకు, ఏడ్చేవాళ్ళు కాదు" అని చెప్పి, వెళ్ళి మా వదినని వెంటబెట్టుకొచ్చాను.

ఆవిడ ముందు ఏమీ చెయ్యలేదు. గట్టున కూర్చుని గాలి ఇసుకని ఎటు తోస్తోందో చూసింది. తర్వాత పొడుగు కర్ర చీపురు ఒకటి, ఎండలో ఎండబెట్టిన గోనెసంచి ఒకటి తీసుకుని గుట్ట ఎక్కింది. పై నుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ దిగింది. ముందు గోనెసంచి ఈడ్చి గుంటలు పూడ్చడం, తర్వాత చీపురుని పక్కకి వాల్చి చిన్న చిన్న అలలు గియ్యడం. తన అడుగులు తనే చెరిపేసుకుంటూ కిందికి వచ్చి గట్టు మీదికి అడుగేసేసరికి ఆ గుట్ట మీద ఎన్నడూ ఎవరూ తిరగనట్టే ఉంది. కెమెరా పెద్దాయన, ఎవరినీ మెచ్చుకోని మనిషి, కన్ను కెమెరాకి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

అక్కణ్ణుంచి ఎడారి మా వదినది. ప్రతి టేకుకీ ముందు ఆవిడ, ప్రతి టేకు తర్వాత ఆవిడ. పిల్లలు ఆవిడకి ఇసుకత్త అని పేరు పెట్టారు. ఒంటెని తెచ్చే స్తోమత లేదు కాబట్టి ఒంటె అడుగులైనా చూపిద్దామన్నాడు సగంబాబు. పాత చెప్పుల అట్టలు కోసి కర్రకి కట్టి, ఆ అడుగులు కూడా మా వదినే వేసింది. ఒంటె రాలేదు గానీ ఒంటె వెళ్ళిపోయింది. పిల్లలు బట్టల్లోకి ఇసుక పోయిందని గోల పెడితే దులిపేది ఆవిడే. ఎండకి కళ్ళు తిరిగిన పిల్లని నీడకి మోసుకెళ్ళింది ఆవిడే. ఇవన్నీ చేస్తూ మధ్యలో నన్ను చూసి, "మన సినిమా మొదటి సీను ఈ రోజు తీశారు, అమ్మాయ్" అని పసిపిల్లలాగా చెప్పేది. మొదటి సీను తియ్యడం చూసిందిగా మరి. ఆవిడకది కొత్త.

సగంబాబు ఒకరోజు టీ తాగుతూ మాటిచ్చాడు. "సినిమా పూర్తయ్యాక మొదటి ఆటకి మీకు మధ్య వరసలో కుర్చీ, అక్కా. పేర్లు పడే దగ్గర్నుంచి చూడండి." మా వదిన ఆ మాటని కొంగున ముడేసుకుంది.

నాకు కంగారు పుట్టింది. పక్కకి పిలిచి, "వదినా, ఇతను ఇంతవరకూ ఒక్కటీ పూర్తి చేసిన పాపాన పోలేదు. ఆశ పెట్టుకోకు" అన్నాను.

"ఇది పూర్తవుతుందిలే. చివరి సీను ఒకటి తీసేస్తే అయిపోయినట్టేగా" అంది.

ఆ చివరి సీనే మిగిలింది. పెట్టె దొరికే సీను, పిల్లలు దాన్ని మోసుకుని గుట్ట దాటి వెళ్ళే సీను. సాయంత్రం ఎండలో తియ్యాలని ఆఖరిరోజుకి ఉంచారు. ఆ సాయంత్రం దాటితే యార్డు యజమాని మిగిలిన ఇసుకంతా ఎత్తించేస్తానని తేల్చి చెప్పాడు. అప్పటికే లారీలు గేటు దగ్గర బారులు తీరి ఉన్నాయి. మిగిలింది ఒక్క పెద్ద గుట్ట. దానికి కూడా వెనకవైపు పొక్లెయిన్ నిలువునా కోసేసింది. ఇంకో ఎడారి వెతుక్కుని, అందరినీ మళ్ళీ పోగుచేసే దారి సగంబాబుకి లేదు. ఆ సీను పడితే సినిమా, పడకపోతే మూడో సగం.

మధ్యాహ్నం సెట్టు పనులు చూసేవాడు పెట్టెని పాతాడు. చేతులకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుందని అతన్ని జిగురు అని పిలిచేవాళ్ళు. పెట్టె ఇసుకలోపలికి పెట్టి, పైన పొడి ఇసుక కప్పి, గుర్తుకి ఒక పుల్ల గుచ్చి దానికి ఎర్ర దారం కట్టాడు. మాకెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నాడు. ఎర్ర దారం కట్టిన పుల్ల ఎవరికి కనబడదు? టీకి వెళ్ళాడు.

మా వదిన గుట్ట ఊడ్చడానికి ఎక్కింది. ఆవిడకి కనబడింది కూడా. హాల్లో అన్నేళ్ళు ఊడ్చిన మనిషి. ఆవిడ లెక్కలో నేల మీద కుర్చీ తప్ప మిగిలిందంతా చెత్త. పుల్ల పీకి, సంచిలో వేసుకుని, ఆ చోట మిగతా చోట్లకన్నా ఒకటికి రెండుసార్లు ఎక్కువగా చీపురాడించి అలలు గీసి దిగింది.

ఎండ పసుపు తిరిగింది. కెమెరా పెట్టారు. పిల్లలు కర్టెన్ బట్టల్లో సిద్ధంగా నిలబడ్డారు. పెట్టె ఎక్కడో చూపించమని సగంబాబు అడిగితే, జిగురు గుట్ట వైపు చూసి, మళ్ళీ చూసి, నీళ్ళు నమిలాడు.

"పుల్ల పెట్టానండీ. ఎర్ర దారం కట్టి."

మా వదిన సంచిలో చెయ్యి పెట్టింది. పుల్ల బయటికి తీసింది. దానికి దారం అలాగే ఉంది.

తవ్వెయ్యండి అన్నారు లైట్లవాళ్ళు. తవ్వితే ఏమవుతుందో నాకు కూడా తెలుసు. గుట్ట పైన పొడి ఇసుక తెల్లగా మెరుస్తుంది, చెయ్యి లోతున తడి ఇసుక నల్లగా ఉంటుంది. అక్కడా ఇక్కడా పారలేస్తే గుట్టంతా మచ్చలు పడుతుంది. అది ఆరాలంటే రేపటి ఎండ కావాలి, రేపటికి గుట్టే ఉండదు. సగంబాబు ఇసుకలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటిసారి అతని మొహం చూసి నాకు ఒళ్ళు మండలేదు. పాపం అనిపించింది.

మా వదిన అతని ముందుకెళ్ళి నిలబడింది. "బాబూ, పీకింది నేనే. చెత్త అనుకున్నాను. నా పొరపాటే" అంది. జిగురు వైపు వేలు చూపించలేదు. నేనైతే అతన్ని అక్కడికక్కడే ఉతికి ఆరేసేదాన్ని. సగంబాబు తల ఊపాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చీపురు అందుకుంది. ఎందుకో నాకు తెలుసు. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "వదినా, ఇంకా ఊడిస్తే పెట్టె మాట దేవుడెరుగు, మనమే కనబడకుండా పోతాం. అది ఇలా ఇయ్యి."

చీపురు నా చేతికిచ్చేసి, ఒక్క క్షణం ఖాళీ చేతులు చూసుకుంది. తర్వాత తిన్నగా కెమెరా పెద్దాయన దగ్గరికి నడిచింది. ఆయన నెత్తిన ఎప్పుడూ ఒక పెద్ద నల్ల గొడుగు ఉండేది. కెమెరాకి ఎండ తగలకుండా పట్టే గొడుగు. దాన్ని తీసి, మోకాలికేసి కొట్టి, ఊచలు ఒక్కొక్కటీ విరిచి లాగేసింది. అడగనైనా అడగలేదు.

"రండర్రా" అని పిల్లల్ని పిలిచింది. "ఇన్నాళ్ళూ వెతుకుతున్నట్టు నటించారుగా. ఇప్పుడు నిజంగా వెతకండి. ఈ ఊచ మెల్లిగా దించాలి, గట్టిగా తగిలితే ఆగాలి. గుచ్చిన కన్నం వేలితో పూడ్చి ముందుకెళ్ళాలి. మోకాళ్ళ మీద. చెప్పులు విప్పెయ్యండి."

"ఎక్కడని వెతకాలి ఇసుకత్తా?" అంది అందరికన్నా చిన్నపిల్ల. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉంటుందని దాన్ని బుంగమూతి అనేవాళ్ళం. ఆశ్చర్యపోవాలి అంటే కళ్ళు పెద్దవి చెయ్యడం తప్ప ఏమీ రాదు దానికి.

"నాకు తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతానమ్మా" అంది మా వదిన.

సగంబాబు తేరుకుని లేచాడు. "అక్కా, కథలో గొడుగు ఊచలు ఎక్కడివి? ముందు సీన్లలో గొడుగే లేదు."

"ఎండలో ఎడారికి పోయేవాళ్ళు గొడుగు తీసుకెళ్ళరా? ముందు సీన్ల సంగతి నాకు తెలీదు బాబూ. చివర్లో మాత్రం ఏదో ఒకటి విరక్కుండా నేను ఏ సినిమా చూడలేదు."

పిల్లలు పక్కనుంచి గుట్ట ఎక్కారు. మోకాళ్ళ మీద వరసగా కదులుతూ ఊచలు దించడం మొదలుపెట్టారు. మొదట్లో ఇకఇకలు, పకపకలు. కాసేపటికి నవ్వులు పోయాయి. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడం మానేశారు. పెద్దపిల్లాడు "నీ పక్క వదిలేశావు చూడు" అని కసిరితే, బుంగమూతి "నేనేం వదల్లేదు" అని నిజంగా పోట్లాడింది. దొరక్కపోతే ఏమవుతుందో వాళ్ళకి కూడా తెలుసు. ఇన్నాళ్ళు సగంబాబు గొంతు చించుకున్నా రాని మొహాలు ఆ గుట్ట మీద వాటంతటవే వచ్చాయి. నేను ఇటు తిరిగి చూస్తే కెమెరా పెద్దాయన కన్ను ఆనించి ఉన్నాడు. కెమెరా తిరుగుతోంది. ఎవరూ ఆయనకి చెప్పలేదు.

గేటు దగ్గర పొక్లెయిన్ చప్పుడు ఆగిపోయింది. దాని డ్రైవరు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చాడనుకుని నేను ముందే సిద్ధమయ్యాను. "ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాడు. పెట్టె అన్నాను. "అందులో ఏముంది?" అట్టముక్కలకి బంగారు కాగితం అన్నాను. "కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదే" అని నవ్వాడు గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. లారీలవాళ్ళకి చెయ్యెత్తి, ఇంజన్లు ఆపమని సైగ చేశాడు.

ఎండ గుట్ట కొసకి చేరింది. సగంబాబు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మా వదిన గట్టు మీద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. మా అన్నయ్య ఎన్ని మాటలన్నా ఏడవని మనిషి.

బుంగమూతి ఊచ ఆగింది. మళ్ళీ దించింది. మళ్ళీ ఆగింది. అది కళ్ళు పెద్దవి చెయ్యలేదు. మొహం ఒక్కసారిగా తెల్లబోయి, చెయ్యి ఊపింది. మిగతావాళ్ళు పడుతూ లేస్తూ వచ్చి చేతులతో తవ్వారు. పెట్టె పైకొచ్చింది. మూత రాలేదు. జిగురుగాడు దానికి కూడా జిగురు దట్టించాడు. నలుగురూ నాలుగు పక్కలా పట్టుకుని గుంజితే ఫట్‌మని ఊడి అందరూ వెల్లకిలా పడ్డారు. పడి, బంగారు కాగితాలు మీద పడుతుంటే నవ్వారు చూడండి, అలాంటి నవ్వు కుట్టి తొడిగేది కాదు.

ఇక ఒక్క షాటు. పెట్టె మోసుకుని గుట్ట దాటి వెళ్ళిపోవడం. తవ్విన చోటు వదిలేసి, కెమెరాని పక్కకి తిప్పి, ఊడ్చి ఉన్న మేర చూసుకున్నారు. సగంబాబు యాక్షన్ అనబోతుంటే మా వదిన ఆపింది.

"బాబూ, ఆగండి. అవతలపక్క పొక్లెయిన్ నిలువునా కోసేసింది. పిల్లలు పెట్టె చూసుకుంటూ పోతారు, అంచు చూసుకోరు. నేను ముందెళ్ళి అటువైపు నిలబడతాను."

"ఎండ పోతోంది అక్కా, చుట్టూ తిరిగి వెళ్ళే టైము లేదు."

"అందుకే ఇటునుంచే ఎక్కుతాను. నా అడుగులు పడతాయి మరి."

"పడనివ్వండి. తర్వాత చూసుకుందాం."

తను అంత మెత్తగా ఊడ్చుకున్న ఇసుక మీద మా వదిన మొదటిసారి ముందుకి నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వెనక్కి చూడకుండా పైకెక్కి, అవతలికి దిగి మాయమైంది. తర్వాత పిల్లలు వెళ్ళారు. వాళ్ళు ఒక్కొక్కరే గుట్ట దాటి అటు దిగుతుంటే, ఆవిడ అంచు దగ్గర చేతులు చాచి నిలబడి ఒక్కొక్కరినీ పట్టుకుందట. అది మాకు కనబడలేదు. బుంగమూతి చెప్పింది తర్వాత. "ఇసుకత్త లేకపోతే పెట్టెతో సహా పడిపోయేవాళ్ళం" అని.

సినిమా పూర్తయింది. సగంబాబు మూడోసారికి మొత్తం మనిషి అయ్యాడు, పేరు మాత్రం మారలేదు. ఎడిటింగ్ జరుగుతుండగా ఒకరోజు నా కొట్టుకొచ్చి, ఒక సంగతి చెప్పి, వదినకి చెప్పొద్దన్నాడు. నేను చెప్పకుండా ఉన్నాను. నా నోటికి అదెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

పక్క వీధి హాల్లో ఉదయం ఆట వేశారు. ఇసుక వేస్తే రాలనంత జనమేమీ రాలేదు. వేస్తే చాలా రాలేది. కానీ మధ్య వరసలో కుర్చీ మీద మా వదిన పేరు రాసిన కాగితం అంటించి ఉంది. ఒక పక్క నేను, ఒక పక్క మా అన్నయ్య. లైట్లు ఆరాయి. పేర్లు పడ్డాయి. 'ఎడారి' అని ఒక వరస, దాని పక్కన మా వదిన పేరు. ఆవిడ చదివిందో లేదో నాకు తెలియదు, నా చెయ్యి మాత్రం నొప్పెట్టేలా పట్టుకుంది. మా అన్నయ్య గొంతు సవరించుకుని ఏదో అనబోయి, ఏమీ అనలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను నోరు మూసుకుని కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. తాత పటం దొరికినప్పుడు తల ఊపింది, పిల్లలు పోట్లాడుకుంటే తప్పు తప్పు అంది, ఫ్యానుతో తీసిన తుఫానుకి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో నేనూ నిద్రపోలేదు. పెట్టె దొరికినప్పుడు హాల్లో పిల్లలు కుర్చీల మీదికెక్కి నిలబడ్డారు.

తర్వాత చివరి షాటు మొదలైంది. మా వదిన లేచి నిలబడింది. చెయ్యి పక్కకి పోయింది, చీపురు కోసం. ఆవిడకే తెలియదు లేచిందని. వెనక ఎవరో కూర్చోమ్మా అన్నారు. నేను చెంగు పట్టుకుని లాగాను. "కూర్చో వదినా. ఇది నీ సినిమా."

కూర్చుంది. తెర మీద పిల్లలు గుట్ట ఎక్కుతున్నారు. అలల అలల ఇసుక. దాని మీద, వాళ్ళకన్నా ముందే ఎవరో ఎక్కి వెళ్ళిన అడుగులు. పిల్లలు వాటి వెంటే నడుస్తున్నారు.

"అయ్యో" అంది నా చెవిలో. "నా అడుగులే. తీసెయ్యలేదే. ఊడ్చి ఉంటే బాగుండేది."

"తీసేద్దామని ఎడిటర్ అంటే సగంబాబే వద్దన్నాడట వదినా, నా కొట్టుకొచ్చి చెప్పాడు. ఆ అడుగులు లేకపోతే పిల్లలు ఇంటికి చేరేవాళ్ళు కాదుగా అన్నాడట."

లైట్లు వెలిగేదాకా ఆవిడ ఆ అడుగులే చూస్తూ కూర్చుంది.

జనం బయటికి పోతూ, చివర్లో తాతగారి అడుగులు చూపించాడు, ఎంత తెలివి అని మెచ్చుకున్నారు. సగంబాబు తలుపు దగ్గర నిలబడి ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాడు, దొంగ. మా అన్నయ్య జనంతో పాటు బయటికి నడిచాడు. మేమిద్దరం లేవలేదు. పక్క తలుపులోంచి చీపురుతో ఒకామె లోపలికొచ్చింది. మా వదిన కన్నా చిన్నది. వరసలు ఊడ్చుకుంటూ మా దగ్గరికి వచ్చేసరికి మా వదిన కాళ్ళు పైకెత్తింది. ఆమె కుర్చీ కిందికి చీపురు వేసి, వంగినదల్లా ఆగింది.

"అమ్మా, మీరు మొదటినుంచీ చూశారా?"

"చూశానమ్మా."

"వెళ్ళింది నలుగురు పిల్లలేగా. ముందే పడి ఉన్న ఆ అడుగులు ఎవరివి?"

మా వదిన పక్క కుర్చీ చేత్తో తుడిచింది. "చీపురు అటు పెట్టి కూర్చో. మొదటినుంచి చెబుతాను."

"తర్వాతి ఆటకి జనం వచ్చేస్తారమ్మా."

"రానీ. అనగనగా ఒక తాత" అని మొదలుపెట్టేసింది.

ఆమె కూర్చుంది. నాకు ఓపిక తక్కువని ముందే చెప్పాను. ఆ చీపురు తీసుకుని, మిగిలిన వరసలు నేనే ఊడ్చాను.